దోసెపిండి బండి కింద ఆయిల్ చుక్క

ఇప్పుడు షెడ్డుల్లో పనిచేసే పిల్లలు బండి రాగానే ఒక చిన్న డబ్బా తెచ్చి తగిలిస్తారు. బండి రోగమేమిటో అదే చెప్తుంది. మంచిదే, నేను కాదనను. మా కాలంలో ఆ డబ్బా లేదు. వాసన పట్టడానికి ముక్కు, శబ్దం వినడానికి చెవి, బండి కింద పడుకోవడానికి వీపు, ఇవే మా సామాను. ఈ మూడూ బాగా పనిచేస్తున్న వయసులోనే ఒక పికప్పు బండి నన్ను నెలన్నర రోజులు ఆడించింది. ముప్ఫై ఏళ్ళు స్పానర్ పట్టుకున్నవాణ్ణి, చక్కగా బాగుచేసి పంపిన బండ్లు చాలావరకు మరిచిపోయాను. ఈ బండి మాత్రం నట్టు నట్టూ గుర్తుంది.

మా షెడ్డు చందాపుర నుంచి ఆనేకల్ పోయే రోడ్డు పక్కన ఉండేది. ఎలక్ట్రానిక్ సిటీలో కంపెనీలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న కాలం. హోసూరు రోడ్డు మీద ఇంకా పైవంతెన రాలేదు. షెడ్డులో ఇద్దరమే, నేనూ మా మేస్త్రీ. నాకు పని నేర్పింది ఆయనే. కళ్ళు మసకబారి లావు అద్దాలు వచ్చాయి గానీ పెద్దరికం మాత్రం తగ్గలేదు. ఆయిల్ కారే బండి వస్తే సాయంత్రం దాని కింద అట్టముక్క పరిచేవాళ్ళం. పొద్దున్నే మేస్త్రి ఆ అట్టను ఎండకు ఎత్తి పట్టుకొని, పడిన మచ్చలు చూసి జాతకం చెప్పేవాడు.

"ఇది ముందు సీలు. ఈ పెద్దది కింది ఆయిల్ ఛాంబరు. ఇది... ఇది టీ. ఎవరప్పా అట్ట మీద టీ పోసింది?"

పోసింది ఆయనే. నేను అనేవాణ్ణి కాదు.

ఒక రోజు పొద్దున దోసెపిండి అక్క వచ్చింది. అక్క అంటే తోబుట్టువు కాదు, ఆ రోడ్డు మీద అందరికీ అక్కే. ఆనేకల్‌లో ఇల్లు, ఇంటి వెనక రేకుల కింద నాలుగు పెద్ద గ్రైండర్లు, రుబ్బడానికి అయిదుగురు ఆడవాళ్ళు. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక పెద్ద కంపెనీ క్యాంటీనుకు రోజూ పన్నెండు పాల క్యాన్ల నిండా పిండి పోసి పంపేది. బండి పాత డీజిల్ పికప్పు. తోలేది ఆమె భర్త, మాకు బావ.

"తమ్ముడూ, నా బండికి ముక్కు కారతాండాది. కొంచెం చూడప్పా" అంది.

"ఎన్ని దినాల నుంచి అక్కా?"

"నాకు తెలిసింది నిన్ననే. గేటు కాడ మీసాలాయప్పకు తెలిసిందీ నిన్ననే. అదే వచ్చిన చిక్కు."

ఆ మీసాలాయన కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ పెద్ద. మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చిన కన్నడిగుడు. కంపెనీ లోపల నేలంతా బూడిదరంగు రాళ్ళు పరిచి, అద్దంలా తుడిచి పెట్టేవాళ్ళు. ఆ రాళ్ళ మీద ఆయిల్ మరక పడితే పోదు. అందుకని లోపలికి పోయే ప్రతి సామాను బండినీ ఆపి, ఇంజిన్ కింద న్యూస్‌పేపరు పరిచి, చేతులు వెనక కట్టుకుని అయిదు నిమిషాలు నిలబడేవాడు. పేపరు మీద చుక్క పడితే నోటుబుక్కులో ఒక గీత. మూడు గీతలైతే గేటు పాసు రద్దు. అక్కకు అప్పటికే ఒక గీత పడింది. ఆమెకున్న బేరం ఆ క్యాంటీను ఒక్కటే. పాసు పోతే నాలుగు గ్రైండర్లూ ఆగిపోతాయి, అయిదుగురు ఆడవాళ్ళూ ఇళ్ళకు పోతారు.

"ఇదేం పెద్ద పని కాదక్కా. టాపెట్ కవరు, అదే ఇంజిన్ పైమూత, దాని గ్యాస్కెట్టు పోయింది, అంతే" అన్నాను. నిజంగానే అంతే.

పనిలో నాకొక పట్టింపు ఉండేది. ఇంజిన్‌కు నీళ్ళు కొట్టి కడిగే ముందు, తెరిచి ఉన్న ప్రతి నోట్లోనూ గుడ్డ కుక్కాలి. లోపలికి చుక్క నీరు పోకూడదు, ఇసుక పోకూడదు. అందుకోసం చిక్కపేట బట్టల బజారులో దర్జీల దగ్గర మిగిలిన ముక్కలు మూటగా కట్టించి తెచ్చేవాణ్ణి. పూలవీ చారలవీ ఉండేవి, ఒక్కోసారి జరీ అంచువి కూడా. కుక్కేటప్పుడు లెక్క, తీసేటప్పుడు లెక్క. ఆ రోజు అయిదు కుక్కాను. కడగడం అయ్యాక తీసి బల్ల మీద వరసగా పెట్టాను.

"అయిదు" అన్నాను.

అప్పుడే తుడుచుకున్న అద్దాలు సర్దుకొని మేస్త్రి వేలు పెట్టి లెక్కపెట్టాడు. "అయిదు" అన్నాడు.

కొత్త గ్యాస్కెట్టు వేశాను. అట్ట వేసి చూస్తే మచ్చ లేదు. అక్క సంతోషంగా తీసుకుపోయింది. నాలుగో రోజు మళ్ళీ వచ్చింది.

ఈసారి కారుతున్నది పైనుంచి కాదు, ఫిల్టరు పక్క నుంచి. సరే, పాత బండి అనుకొని అక్కడ మార్చాను. వారం తిరక్కుండా ముందు సీలు నుంచి మొదలైంది. దాన్నీ మార్చాను. ఛాంబరు అంచు చెమర్చింది. నేను ఒక చోట ఆపితే అది ఇంకో చోట వెతుక్కుంటోంది. మేస్త్రికి మాత్రం అనుమానమే లేదు. ఆయన లెక్కలో ప్రపంచంలో ఆయిల్ ఎక్కడ కారినా కారణం ఒక్కటే.

"అతుకుల్లో పేస్టు తక్కువైంది. ఇంకొంచెం పుయ్యి."

ఎర్ర పేస్టు పూశాం. నిలవకపోతే నల్లది పూశాం. ఎవరో చెప్తే బూడిదరంగుది తెప్పించి అదీ పూశాం. చివరికి ఆ ఇంజిన్‌ను చూస్తే హోళీ ఆడి ఇంటికొచ్చినవాడిలా ఉండేది.

ఈలోపల బావ రోజూ గేటుకు కొంచెం దూరంలో బండి ఆపి, కిందికి దూరి, గుడ్డతో ఇంజిన్ తుడిచి, గబగబా గేటు దగ్గరికి తోలేవాడు. అయిదు నిమిషాలు గడిచేదాకా అక్క దేవుళ్ళందరినీ తలుచుకునేది. ఒక రోజు నా దగ్గరికొచ్చి, "తమ్ముడూ, పిండి రుబ్బేదానికంటే ఆ అయిదు నిమిషాలే నాకు ఎక్కువ అలుపు" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అప్పుడు మేస్త్రి ఒక ఉపాయం చెప్పాడు. కారేదాన్ని ఆపలేకపోతే పట్టుకోవాలట. ఆయిల్ డబ్బాను అడ్డంగా కోసి, పళ్ళెంలా చేసి, వైర్లతో ఇంజిన్ కింద వేలాడదీశాం. చుక్క పడితే దాంట్లో పడుతుంది, పేపరు పొడిగా ఉంటుంది. మూడు రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. మేస్త్రి ఆ మూడు రోజులూ నాకేసి ఒక రకంగా చూశాడు. నాలుగో రోజు అక్క షెడ్డులోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"గేటు ముందర ఒక స్పీడ్ బ్రేకర్ ఉండాది, తెలుసునా?" అంది.

నాకు తెలియదు.

"మాకు తెలుసు. మీ పళ్ళేనికి తెలీదు. ఒక్క చుక్క కాదప్పా, మూడు దినాలది మొత్తం. ఆయప్ప అప్పుడే పేపరు పరిచి లేస్తాండాడు. అభిషేకం చేసినట్టు బూట్ల మీద."

"పేపరు మీద కూడా పడిందా అక్కా?"

"ఆ పేపరుతోనే బూట్లు తుడుచుకున్నాడు. ఇంక నువ్వే చూస్కో."

రెండో గీత పడింది. ఇంకొక్కటి పడితే పాసు తన చేతుల్తోనే చింపేస్తానని హవల్దారు చెప్పి పంపాడు.

మేస్త్రి ఆ పూట పళ్ళేన్ని విప్పి మూల పడేశాడు. ఆదివారం బండి షెడ్డులోనే పెట్టించుకొని, గ్యాస్కెట్లన్నీ మళ్ళీ కొత్తవి వేసి, సీళ్ళన్నీ మార్చి, పాత పేస్టంతా గీకేశాను. ఇంజిన్ పెళ్ళికొడుకులా అయింది. స్టార్ట్ చేసి చూస్తే ఎక్కడా తడి లేదు. ఇంక గెలిచాను అనుకుంటూ ఉండగా, ఆయిల్ మట్టం చూసే కడ్డీ ఉంటుంది చూడండి, అది టక్కుమని దాని గొట్టంలోంచి ఎగిరి పైకొచ్చింది. గొట్టం నోట్లోంచి ఆయిల్ ఉమ్మేసింది. కడ్డీని నొక్కితే మళ్ళీ ఎగిరింది.

లోపలినుంచి ఏదో తోస్తోందని పని తెలిసినవాడికి ఎవడికైనా అక్కడే తట్టాలి. నాకు తట్టలేదు. నాకు కట్టుతీగ తట్టింది. కడ్డీని తీగతో బిగించి కట్టి, సోమవారం పొద్దున నేనే తోడుగా బయల్దేరాను. జేబుల నిండా తీగ, కటింగ్ ప్లేయరు, గుడ్డ ముక్కలు. దారిలో కారితే గేటు చేరకముందే ఏదో ఒకటి చేస్తానని ధైర్యం.

ముందు సీట్లో అక్కా బావా కూర్చున్నారు. నేను వెనక టార్పాలిన్ కింద పన్నెండు క్యాన్ల మధ్య. క్యాన్ల మూతలన్నీ కొంచెం పక్కకు వాలి ఉన్నాయి. గుంత వచ్చినప్పుడల్లా పిండి తొణికి నా ప్యాంటు మీద పడుతోంది. ఇదేం మూతలు పెట్టడం, ఆడవాళ్ళు చూసుకోలేదేమోనని, ఒక్కొక్కదాన్నీ పిడికిలితో గుద్ది పన్నెండూ బిగించేశాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

హోసూరు రోడ్డు ఎక్కగానే ట్రాఫిక్ ఆగిపోయింది. ఎండాకాలం. కదలకుండా గంట నిలబడ్డాం. టార్పాలిన్ కింద నేనే పులిసిపోయేట్టున్నాను, ఇంక పిండి సంగతి చెప్పాలా? మొదటి మూత టప్పుమని లేచి టార్పాలిన్‌కు తగిలి నా ఒళ్ళో పడింది. అదేంటా అని వంగి చూస్తుంటే రెండో క్యాను నా మొహాన పేలింది. కళ్ళల్లో పిండి, చెవుల్లో పిండి. నా కేక విని అక్క దిగి వెనక్కొచ్చింది. నన్ను చూసింది, క్యాన్లను చూసింది.

"మూతలు ఎవరు బిగించింది?"

"నేనే అక్కా. తొణుకుతాంటే..."

"తొణికితే తొణకనీ. పిండి బతికుండాది, ఊపిరి తీసుకోవద్దా? లోపల గాలి పుడతా ఉంటుంది, అది పోయేదానికి దారి వదలాల. దారి మూసేస్తే ఊరుకుంటాదా, యాడ సందు దొరికితే ఆడ తన్నుకొస్తాది. నోరు కనపడితే చాలు మూసేస్తావా అప్పా నువ్వు?"

ఆమె తిడుతూనే ఒక్కొక్క మూతా సడలిస్తోంది. ఒక్కొక్కటీ బుస్సుమంటోంది. నాకు ఆ బుస్సుమనడం తప్ప ఇంకేమీ వినపడలేదు. పిండి కారుతున్న మొహంతోనే దిగి ముందుకు పరిగెత్తి బానెట్ ఎత్తాను.

ఇంజిన్‌కు కూడా ఊపిరి గొట్టం ఒకటి ఉంటుంది. బ్రీదర్ పైపు అంటాం. ఇంజిన్ పక్కనుంచి దిగి నేలకేసి చూస్తూ ఉంటుంది. ఇంజిన్ తిరిగేటప్పుడు దాంట్లోంచి సన్నగా పొగ రావాలి. ఇది పని నేర్చుకునే మొదటి సంవత్సరంలోనే చెప్తారు, నేనూ ఎందరికో చెప్పాను. బావను ఇంజిన్ ఆన్‌లో పెట్టమని, కిందికి దూరి ఆ పైపు నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాను. ఏమీ లేదు. ప్లేయరుతో లోపలికి పెట్టి లాగాను. నీలం గుడ్డ ముక్క వచ్చింది. దానికి జరీ అంచు. దాని వెనకే ఇంజిన్ నిట్టూర్చినట్టు ఒక పెద్ద ఊపిరి వదిలింది. కడ్డీకి కట్టిన తీగ విప్పాను. కడ్డీ బుద్ధిగా కూర్చుంది.

ఆ రోడ్డు మీద, హారన్ల మధ్య, బండి కింద పడుకునే లెక్క తేల్చుకున్నాను. కుక్కింది అయిదు. తీసింది నాలుగు. అయిదోది, నేను లెక్కపెట్టకముందే మేస్త్రి అద్దాలు తుడుచుకుని ఆ వరసలో పడేసిన ముక్క. అద్దాలు తుడుచుకున్నాక ఆయన దాన్నే స్పష్టంగా చూసి లెక్కపెట్టాడు. పిల్లలూ, గుడ్డలు లెక్కపెట్టుకోకండి, ఏ గుడ్డ ఏ నోట్లో పెట్టారో గుర్తుపెట్టుకోండి. నేను నేర్చుకున్నది ఇది, నెలన్నర ఆలస్యంగా.

బావ వంగి చూసి, "ఏమది?" అన్నాడు.

నేనే కుక్కానని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచిన నోట్లోంచి వేరేది వచ్చింది.

"ఎలుక బావా. ఎలుక లాక్కొచ్చి దూర్చింటాది."

అక్క ఆ ముక్కను చేతిలోకి తీసుకుని చూసింది. "పాపం, జరీ చూసి ఆశపడింటాది" అంది.

గేటు దగ్గరికి చేరాం. హవల్దారు పేపరు పరిచాడు. ఈసారి బూట్లు దూరంగా పెట్టుకుని నిలబడ్డాడు. అయిదు నిమిషాలయ్యాయి. ఇంకో రెండు నిమిషాలు తన తరఫున కలిపాడు. పేపరు తీసి రెండు వైపులా ఎండకు పట్టి చూశాడు. పొడి. టార్పాలిన్ సందులోంచి చూస్తున్న నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏనాగిత్తమ్మా?" అన్నాడు. ఏమై ఉండిందమ్మా అని. నోటుబుక్కులో కారణం రాయాలి ఆయనకు.

అక్క నెలన్నర తరవాత మనసారా నవ్వింది. "ఇలి సార్, ఇలి" అంది కన్నడంలో. ఎలుక సార్, ఎలుక అని. "పైపులో గుడ్డ దూర్చి గూడు పెట్టిండాది."

రాస్తున్న పెన్ను ఆగింది.

"ఎలుక? యాడ?"

"బండిలో సార్."

"ఈ బండిలో? పిండి తెచ్చే బండిలో?"

అక్క మొహంలో నవ్వు దిగిపోవడం నేను చూశాను. హవల్దారు క్యాబిన్‌లోకి పోయి ఫోన్ చేశాడు. క్యాంటీను మేనేజరు వచ్చాడు, తలకు ప్లాస్టిక్ టోపీ పెట్టుకున్న ఆంధ్రా కుర్రాడు. బండి మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

"సారీ మేడమ్. ఎలుకలు తిరిగే బండిలో వచ్చిన పిండి నేను తీసుకోలేను. ఇవాళే కాదు, ఇంకెప్పుడూ కుదరదు."

"ఎలుక పైపులో సార్, పిండిలో కాదు."

"పైపులోకి వచ్చింది పిండిలోకి రాదని గ్యారంటీ ఏముంది మేడమ్?"

హవల్దారు బండి అద్దానికి అంటించిన పాసును ఊడదీయడం మొదలుపెట్టాడు. ఒక మూల లేచింది. ఆయిల్ కారితే మూడు గీతలదాకా ఆగారు, ఎలుకకు ఒక్క గీత కూడా అక్కర్లేకపోయింది. అక్క ఏమీ మాట్లాడకుండా ఆ పాసునే చూస్తోంది. నోరున్న మనిషి నోరు మూసుకుంటే చూడలేం. ఆ ఎలుకను పుట్టించింది నేను. నేను దిగకపోతే అది నిజంగానే ఆ బండిలో కాపురం పెట్టేస్తుంది.

టార్పాలిన్ ఎత్తి దిగాను. నెత్తిమీద పిండి ఎండి అట్టకట్టింది, చేతులు మోచేతులదాకా నల్లగా ఉన్నాయి. హవల్దారు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎవరు నువ్వు?"

"ఆ ఎలుక నేనే సార్."

చెప్పింది ఆయనకు అర్థం కాలేదు. గుడ్డ సంగతి, కడిగిన సంగతి, లెక్క తప్పిన సంగతి అంతా చెప్పాను. మేస్త్రి అద్దాల మాట చెప్పలేదు, ఆ తప్పు కూడా నాకే రాసుకున్నాను. ఆయన మీసం దువ్వుకుంటూ విని తల అడ్డంగా ఊపాడు.

"ఆయమ్మను కాపాడేదానికి సుళ్ళు చెప్తాండావు" అన్నాడు. అబద్ధమట. అరగంట ముందు నేను చెప్పిన అబద్ధాన్ని ఊరంతా నమ్మింది, నిజం చెప్తే సాక్ష్యం కావాలట.

జేబులోని గుడ్డ ముక్కలన్నీ తీసి బానెట్ మీద పోశాను. వాటిల్లో అదే నీలం ముక్క ఇంకొకటి ఉండింది, అదే జరీ. పైపులోంచి వచ్చినదాన్ని పక్కన పెట్టాను. కత్తిరింపు కత్తిరింపుకు సరిగ్గా అతికింది. క్యాంటీను కుర్రాడు టోపీ పైకి జరుపుకుని వంగి చూశాడు.

"ఎలుక కత్తెరతో కత్తిరించదు కదా సార్" అన్నాడు.

ఈలోపల వెనక బండ్లు బారు కట్టాయి. రెండో బండి నీళ్ళ ట్యాంకరు. దాని డ్రైవరు నా గిరాకీయే, పోయిన వారమే ఇంజిన్ కడిగించుకున్నాడు. కిటికీలోంచి మెడ చాపి అడిగాడు. "అన్నా, నా బండిలో ఏం మరిచినావు?"

ఆ వారమంతా గిరాకీలు ఒకరి తరవాత ఒకరు వచ్చి ఊపిరి గొట్టాలు విప్పించి చూసుకుని పోయారు.

హవల్దారు నోటిమాట నమ్మే మనిషి కాదు. రాసిమ్మన్నాడు. నా చదువు నాలుగో తరగతి, అదీ తెలుగులో. నిలబడే ఆయన నోటుబుక్కులో రాశాను. గుడ్డ పెట్టింది నేను. తీయనిది నేను. ఎలుక లేదు. క్యాంటీను కుర్రాడు చదివి వినిపించాడు. హవల్దారు 'ఎలుక లేదు' కింద రెండు గీతలు గీయించి, సంతకం పెట్టించి, నా బొటనవేలు చూసి, ఎట్లాగూ నల్లగానే ఉంది కదా అని వేలిముద్ర కూడా వేయించుకున్నాడు. తరవాత పాసు లేచిన మూలను అరచేత్తో అద్దానికి గట్టిగా అదిమాడు.

"బండి పోవచ్చు. ఈయప్ప లోపలికి వద్దు" అన్నాడు.

బండి లోపలికి పోయింది. నేను గేటు బయట కాంపౌండు గోడ నీడలో కూర్చుని నెత్తిమీద పిండి గీక్కున్నాను. లోపలికి పోతూ అక్క నాకేసి చూడను కూడా లేదు. ఆ బండి ఇంక మా షెడ్డు గడప తొక్కదనుకున్నాను. తొక్కాల్సిన అవసరమూ లేదు, అది బాగయిపోయింది.

గంట తరవాత బండి బయటికొచ్చి నా పక్కన ఆగింది. అక్క కిటికీలోంచి కాగితం పొట్లం చాపింది. క్యాంటీనులో అప్పుడే పోసిన రెండు దోసెలు, మధ్యలో చట్నీ.

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదు కదా, తిను" అంది. నేను పొట్లం విప్పేదాకా ఆగి, "ఎలుక మీద పెట్టినావే, రేపు ఏమన్నా అయితే ఎలుక వచ్చి సంతకం పెడతాదా?" అంది.

"తప్పయింది అక్కా."

"అయింది. తిను."

తిన్నాను. ఎండలో గంట, గేటు దగ్గర ఇంకో గంట నిలబడిన పిండి, మామూలుగా ఉంటుందా? దోసె బాగా పులిసి ఉంది. అక్క కిటికీ మీద మోచెయ్యి పెట్టుకుని నా మొహమే చూస్తోంది.

"ఎట్లుండాది?" అంది.

పొద్దున్నే ఒక నిజం చెప్పి ఉన్నాను. రోజుకు ఒకటి చాలనిపించింది.

"శానా బాగుండాది అక్కా" అన్నాను.